పిల్లికీ ఒక టోకెన్

లక్ష్మీనగర్, గోదావరిఖని
జూన్ 14

ఏమే సంతోషీ,

బాగున్నావా అని అడగను. బాగుండకపోతే నువ్వే నాలుగు ఫోన్లు చేసి నా ప్రాణం తీసేదానివి. మీ నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం నీకొస్తుందని, శ్రీరాంపూర్ గనిలో ల్యాంప్ రూంలో కూర్చుని దిగేవాళ్ళకు దీపాలు ఇస్తావని మన కాలనీలో ఎవరైనా అనుకున్నారా? డ్యూటీ అయ్యేదాకా ఫోన్ గేటు దగ్గరే పెట్టాలని నువ్వు చెప్పగానే నాకు దిగులు పట్టుకుంది. రోజూ నీతో ఒక్కసారైనా తిట్టించుకోకపోతే నాకు అన్నం సహించదు. అందుకే ఈ కాగితాలు కొన్నాను. మా ఆఫీసు కింద బట్టల షాపులో పనిచేసే దీప రోజూ శ్రీరాంపూర్ బస్సులోనే వచ్చిపోతుంది. ఉత్తరాలు తను మోస్తానంది. విప్పి చూడనని కూడా అంది కానీ నేను నమ్మలేదు.

ఇక నా సంగతి. భూపాల్ సార్ ఖనిలో పుట్టి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినాయన. ఇక్కడ ఆరుగురితో చిన్న ఆఫీసు తెరిచాడు. రైతులు వరికోత మిషన్లు, ట్రాక్టర్లు ఫోన్లోనే కిరాయికి మాట్లాడుకునే యాప్ తయారు చేయడం మా పని. దసరా నాటికి అది నడవాలి. నడిస్తే ఆఫీసు ఖనిలోనే ఉంటుంది. నడవకపోతే తాళం వేసి, రాగలిగినవాళ్ళను హైదరాబాదు తీసుకుపోతాడు. మొదటి రోజే మొహం మీద చెప్పేశాడు. హైదరాబాదు హాస్టల్లో నేను రెండేళ్ళు ఎలా ఉన్నానో నీకు తెలుసు. మళ్ళీ పోను సంతోషీ. ఇక్కడే పని చేస్తాను, సాయంత్రం చౌరస్తాలో మిర్చీలు తింటాను.

నాకు అప్పగించిన పని వింటే నవ్వుతావు. మేము కోడ్ రాయడానికి ఒక ప్లాట్‌ఫాం ఉంటుంది. అందరం అందులోనే రాస్తాం. అది వచ్చినప్పుడు బోసిగా వస్తుంది. తర్వాత మనకు కావలసిన పనిముట్లు ఒక్కొక్కటే తగిలించుకోవాలి. వాటిని ప్లగిన్లు అంటారు. ఒకటి తప్పులు పట్టుకుంటుంది, ఒకటి వరసలు సర్దుతుంది, ఒకటి మనం సగం రాయగానే మిగతా సగం తనే చెప్తుంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు చేసి పెట్టినవి వేలకు వేలున్నాయి. ఏవి తగిలించాలో ఎంచే పని నాది. జాతరలో గాజుల దుకాణం ముందు నిలబడ్డట్టుంది. మూడు రోజుల్లో ముప్పై ఒకటి ఎంచాను. ఒకటైతే స్క్రీన్ కింది అంచున చిన్న పిల్లి అటూ ఇటూ తిరుగుతుంది, అంతే. ఏ పనీ చేయదు. అదీ పెట్టేశాను.

మా సీనియర్ రాజరాజేశ్వరి గారు ఎన్ని పెట్టావని అడిగి, విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఇద్దరు పిల్లలు ఇక్కడే చదువుతున్నారు. ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనరు. అందుకే ఆవిడంటే మాకు భయం.

నీ,
యమున

*

శ్రీరాంపూర్
జూన్ 21

యమునా,

నీ ఉత్తరం అందింది. కవరు అంచు మీద మిక్చర్ నూనె మరక ఉంది కాబట్టి దీపకు కూడా అందినట్టే. రాసేటప్పుడు ఆమెను కూడా బాగున్నావా అని ఒక ముక్క అడుగు, పాపం.

ముప్పై ఒకటా? మా గనిలోకి దిగే మనిషికి హెల్మెట్, బూట్లు, ల్యాంపు, గాలి చెడిపోతే ఊపిరి అందించే డబ్బా, చేతిలో కర్ర ఉంటాయి. వాటితోనే ఇన్నేళ్ళుగా బొగ్గు పైకి వస్తోంది. నీకు వరికోత మిషన్ కిరాయికివ్వడానికి ముప్పై ఒకటి కావాల్సొచ్చాయి.

నా పని చెప్తాను విను. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. అదే టోకెన్. టోకెన్ నా చేతికిచ్చి, అదే నంబరు ల్యాంపు తీసుకొని దిగుతాడు. పైకొచ్చాక ల్యాంపు నాకిచ్చి టోకెన్ తీసుకుపోతాడు. నా బోర్డు మీద టోకెన్ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం. గేటు దగ్గర జేబులు కూడా తడుముతారు. అగ్గిపెట్టె దొరికితే అన్నా బావా అని చూడరు. నాకు పని నేర్పే గట్టయ్య కాక ముప్పై ఏళ్ళుగా ఈ బోర్డు ముందే ఉన్నాడు. మొదటి రోజు నాతో ఆయన అన్నది ఒక్కటే మాట: "నవ్వుకుంట ఇయ్యి బిడ్డా, చూసి ఇయ్యి."

నవ్వడం వచ్చింది. చూడటం ఇంకా నేర్చుకుంటున్నాను. నువ్వు మాత్రం చౌరస్తా మిర్చీల గురించి రాయకు. ఇక్కడ క్యాంటీన్లో మధ్యాహ్నానికి అన్నీ అయిపోతాయి.

సంతోషి

*

గోదావరిఖని
జూలై 11

సంతోషీ,

అంతా బాగానే ఉంది. పని జోరుగా సాగుతోంది. వానలు పడుతున్నాయి.

ఒక్క చిన్న తమాషా. నేను పెట్టిన ప్లగిన్లలో రెండింటికి ఒకదానికొకటి పడటం లేదు. మనం రాసింది సేవ్ చేయగానే ఒకటి వరసలన్నీ కుడికి జరుపుతుంది. రెండోది వెంటనే ఎడమకు లాగుతుంది. రాజరాజేశ్వరి గారు పొద్దుటి నుంచి ఒకే పేజీని పదకొండుసార్లు సేవ్ చేసి, అది ఊగుతుంటే చూస్తూ కూర్చున్నారు. మెషిన్లు కూడా కొంచెం నెమ్మదించాయి. బటన్ నొక్కి టీ తాగి వస్తే తెరుచుకుంటున్నాయి. సర్దుకుంటుందిలే.

దీపా, నువ్వు బాగున్నావా?

యమున

*

శ్రీరాంపూర్
జూలై 15

యమునా,

అర పేజీ రాశావు. ఏడో తరగతిలో సైన్సు పరీక్ష పాడు చేసుకున్నప్పుడు కూడా నాకు అర పేజీయే రాశావు. ఏం దాస్తున్నావో నేను అడగను, నువ్వే చెప్తావు. ఈలోగా నా పరువు ఎలా పోయిందో చెప్తాను.

మన పాత వీధిలో ఉండే సదయ్య కాక గుర్తున్నాడా, వినాయక చవితికి మనిద్దరినీ సైకిల్ మీద తిప్పినాయన? ఆయనది ఇప్పుడు ఇదే గని. మొన్న మొదటి షిఫ్టుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. టోకెన్ ఇంట్లో మరిచిపోయాడట. "నేనెవరో నీకు ఎర్కలేదా బిడ్డా?" అన్నాడు. ఎరుకే కదా, ఇచ్చేశాను. ఎక్కడా రాయలేదు కూడా. ఇక షిఫ్టు దిగాక చూస్తే బోర్డు మీద ఒక్క టోకెన్ లేదు, అందరూ పట్టుకుపోయారు. కానీ ల్యాంపుల్లో ఒకటి తక్కువ. గట్టయ్య కాక నాతో మూడుసార్లు లెక్కపెట్టించాడు. మూడోసారికి సదయ్య కాక పేరు చెప్పాను. ఆయన పైకి రావడం ఎవరూ చూడలేదన్నారు. రెండో షిఫ్టును ఆపేశారు. షిఫ్టును చూసుకునే ఓవర్‌మ్యాన్ ఇద్దరిని తీసుకొని మళ్ళీ కిందికి దిగాడు. ఆ గంటసేపు నేను ఎలా నిలబడ్డానో నాకే తెలియదు యమునా. ఆయన భార్యకు ఏమని చెప్పాలో మనసులో అనుకుంటూ నిలబడ్డాను.

దొరికాడు. గేటు బయట చాయ్ హోటల్లో, నెత్తిమీద ల్యాంపు వెలుగుతుండగా, పట్టపగలు, ఎవరితోనో ఎన్నికల గురించి వాదిస్తూ దొరికాడు. తిరిగి తీసుకోవడానికి ఇక్కడ టోకెన్ లేదు కాబట్టి కౌంటరు వైపే రావాలనిపించలేదట. లైటు సంగతేంటని అడిగితే ఎండ మస్తుగా ఉండి తెలియలేదన్నాడు. రెండో షిఫ్టు వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నేను ఏడ్చాను.

గట్టయ్య కాక తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకొని మెల్లగా చెప్పాడు: "సదయ్య మంచోడే బిడ్డా. మంచోడని తెల్సుడు వేరు, కింద ఉన్నడని తెల్సుడు వేరు."

నాకు మెమో ఇచ్చారు. జవాబు రాశాను, తప్పు నాదేనని. ఆ రోజు నుంచి మా నాన్న వచ్చినా టోకెన్ అడుగుతాను.

సంతోషి

*

గోదావరిఖని
జూలై 22

సంతోషీ,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చొని చదివాను. సదయ్య కాక దగ్గర నవ్వాను, గట్టయ్య కాక మాట దగ్గర ఆగిపోయాను. అన్నీ చెప్తాను.

ముప్పై ఒకటిలో ఒకటి శ్యామ్ చేసింది. హైదరాబాదులో నా పక్క సీటులో కూర్చునేవాడు, ఎవరికి జ్వరమొచ్చినా మందులు తెచ్చిపెట్టేవాడు. అతను చేసిందని తెలియగానే, అది ఏం చేస్తుందో చదవకుండానే అందరి మెషిన్లలో పెట్టాను. మన రాతలో తప్పులు చూపిస్తుంది, బాగానే పనిచేసింది కూడా. పన్నెండు రోజుల కింద, ఎందుకు నెమ్మదిస్తోందో వెతుకుతుంటే తెలిసింది. మేము టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ అది శ్యామ్ కంప్యూటర్‌కు పంపిస్తోంది. అడిగితే అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. జనం ఎలాంటి తప్పులు చేస్తారో తెలుసుకుందామని అలా పెట్టుకున్నాడట, ఆ సంగతి మరిచేపోయాడట. వెంటనే అన్నీ చెరిపేశాడు. కానీ అందులో రామగిరి చుట్టుపక్కల రెండు వందల పన్నెండు మంది రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అవి మా ఆఫీసు దాటి పోవని వాళ్ళకు మాటిచ్చి తీసుకున్నవి.

పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆఫీసు పోతుందని భయం. రాజరాజేశ్వరి గారి మొహం చూడలేకపోయాను.

నీ ఉత్తరం మడిచి లోపలికి వెళ్ళి ఆవిడకు చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కొని, "ముందు సారుకి ఫోన్ చెయ్యమ్మా, నేను పక్కనే కూర్చుంటాను" అన్నారు. భూపాల్ సార్ అంతా విన్నాడు. ఎవరెవరి నంబర్లు పోయాయో వాళ్ళందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాలన్నాడు. ఆఫీసు సంగతి దసరాకు వచ్చి తేలుస్తానన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఈ రోజు నలభై మందికి చెప్పాను. అందరూ తిడతారనే అనుకున్నాను. కొమురెల్లి అనే ఒక పెద్దాయన మాత్రం అంతా విని, "నా నంబరు నా ట్రాక్టర్ ఎనక పెద్ద అక్షరాలతోని రాసి ఉంటది బిడ్డా, దాన్ని ఎవడు దాస్తడు? అయినా నువ్వు చేసి చెప్పినవు సూడు, గది మంచిగున్నది" అన్నాడు. ఆ తర్వాత మిగతా నంబర్లు కలపడానికి ధైర్యం వచ్చింది.

యమున

*

శ్రీరాంపూర్
జూలై 30

నా యమునా,

నువ్వు చెప్పావు. అది చాలు నాకు. నీ మీద కోపం రాలేదు, పన్నెండు రోజులు ఒక్కదానివే మోశావని బాధ కలిగింది. ఇకమీదట ఏదైనా పన్నెండు గంటల లోపు చెప్పాలి. ఇది స్నేహితురాలి ఆర్డరు.

నీ సంగతి గట్టయ్య కాకకు చెప్పాను. ప్లగిన్ అంటే ఏంటని గంటసేపు అడిగాడు. చివరికి, "అంటే పనికి పోయేటోడు వెంట తీస్కపోయే సామాను" అని తనే తేల్చాడు. మర్నాడు ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. తీసిపారేసిన రేకు ముక్కల్ని గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా రాకి, ఒక్కోదానికి చిల్లు వేశాడు. నలభై ఉన్నాయి. దీప చేతికిచ్చి పంపిస్తున్నాను. బరువుగా ఉన్నాయని ఆమె గొణిగితే ఒక కూల్‌డ్రింక్ తాగించు.

ఏం చెయ్యాలో నేను చెప్పనక్కర్లేదు. బోర్డుకు మేకులు మాత్రం గట్టిగా కొట్టించు.

సంతోషి

*

గోదావరిఖని
సెప్టెంబర్ 5

ఒసేయ్ సంతోషీ,

గట్టయ్య కాక కాళ్ళకు దండం పెట్టానని చెప్పు. మా ఆఫీసు గోడ మీద ఇప్పుడు ఒక ప్లైవుడ్ బోర్డు ఉంది. ముప్పై ఒక్క ప్లగిన్లనూ ఒకే పూటలో పీకేశాను. ప్లాట్‌ఫాం మళ్ళీ మొదటి రోజులాగా బోసిగా అయింది. ఇక ఎవరికి ఏది కావాలన్నా బోర్డు ముందు నిలబడి అందరికీ చెప్పాలి. దాన్ని ఎవరు చేశారు, అది మన రాతలో ఏమేం చూస్తుంది, చూసింది ఎక్కడికైనా పంపుతుందా, అది లేకుండా మన పని ఎక్కడ ఆగుతుంది. అన్నిటికీ జవాబు దొరికితే రేకు బిళ్ళ మీద దాని పేరు, తెచ్చినవాళ్ళ పేరు రాసి మేకుకు తగిలిస్తాం. శనివారం ఆఫీసు మూసేముందు బోర్డు చూస్తాం. ఆ వారం ఎవరూ వాడనిది దిగిపోతుంది.

మొదటి రోజు మార్కెట్‌లో బేరాల్లా గోల అయింది. రుత్విక్ అని మాలో అందరికన్నా చిన్నవాడు, మొన్ననే ఇంజనీరింగ్ అయింది, రంగులు మార్చే ప్లగిన్లు నాలుగు తెచ్చాడు. అవి లేకపోతే పని ఎక్కడ ఆగుతుందని అడిగితే చాలాసేపు ఆలోచించి, తన మూడ్ ఆగుతుందన్నాడు. నాలుగూ పోయాయి. మిగతా సగం వాక్యాన్ని తనే చెప్పే ప్లగిన్ కోసం నేనే వాదించాను. మన రాతంతా అది ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటర్‌కు పంపి అడిగి చెప్తుందని తేలింది. నా చేత్తోనే పక్కన పెట్టాను. నెల తిరిగేసరికి తొమ్మిది మిగిలాయి. మెషిన్లు ఎగిరి గంతులేస్తున్నాయి. వెనకబడిన పనిని రెండు వారాల్లో అందుకున్నాం.

ఇక అసలు విశేషం. నిన్న రాజరాజేశ్వరి గారు లేచి బోర్డు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు. ఆవిడ ఇంతవరకు ఏదీ అడగలేదు. ఏమడిగారో తెలుసా? ఆ పిల్లిని. మేమంతా మొహాలు చూసుకున్నాం. ఆవిడ మాత్రం కాగితం చూసి చదివారు. "దీన్ని ఎలా చేశారో మొత్తం చదివానండీ, రెండు వందల వరసలే. మన రాత వైపు కూడా చూడదు. ఎక్కడికీ ఏమీ పంపదు. ఇది లేకపోతే అన్నం తిన్నాక మూడు గంటలప్పుడు నా పని ఆగుతుంది, నిద్రొస్తుంది." పదో టోకెన్ పిల్లిది. ఆఫీసులో ఇంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. కింద నుంచి దీప కూడా పైకొచ్చి చూసిపోయింది.

దసరా దగ్గరపడుతోంది. నవ్వుతున్నాం కానీ సాయంత్రం తాళం వేసేటప్పుడు అందరం ఒకసారి గది అంతా చూసుకుంటున్నాం.

నీ,
యమున

*

శ్రీరాంపూర్
సెప్టెంబర్ 12

యమునా,

ఉత్తరం ల్యాంప్ రూంలో గట్టిగా చదివాను. పిల్లి దగ్గర గట్టయ్య కాక కళ్ళనీళ్ళు పెట్టుకొని నవ్వాడు. తర్వాత సీరియస్‌గా, "ఆ పెద్దమ్మ మొత్తం చదివి వచ్చింది సూడు. గట్లుండాలె" అన్నాడు. ఆయన ఒకరిని మెచ్చుకోవడం నేను వినడం ఇదే మొదలు. నాకు కొంచెం కుళ్ళు పుట్టింది.

నా మెమో సంగతి ముగిసింది. హెచ్చరికతో వదిలేశారు. నువ్వు అడగలేదు కాబట్టి చెప్తున్నాను.

నువ్వు ఖనిలోనే ఉండాలని నేను ఎంత కోరుకుంటున్నానో రాయను. రాస్తే నీకు పొగరెక్కుతుంది. ఏం తేలినా ఆ రోజే రాయి.

సంతోషి

*

గోదావరిఖని
అక్టోబర్ 9

సంతోషీ,

నువ్వన్నట్టు ఈ రోజే రాస్తున్నాను. కింద వీధిలో బతుకమ్మకు పూలు అమ్ముతున్నారు, ఆ కేకల మధ్య రాస్తున్నాను.

భూపాల్ సార్ పొద్దున పదింటికి వచ్చాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. నా మెషిన్ ముందు కూర్చొని యాప్ చూపించమన్నాడు. అంతకుముందు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, హైదరాబాదులో అందరికీ పెట్టించిన ప్లగిన్ అట, ఇక్కడా పెట్టమన్నాడు. ఎవరు ఎంతసేపు రాశారు, ఎంత రాశారు అన్నీ అది ఆయనకు చూపిస్తుందట. నేను చెయ్యి చాచాను సంతోషీ. నిజం చెప్తున్నాను, తీసుకునేదాన్నే. ఆ క్షణంలో నాకు ఆఫీసు తప్ప ఇంకేమీ గుర్తులేదు.

రాజరాజేశ్వరి గారు లేచి నిలబడ్డారు. చేతిలో రేకు బిళ్ళ, పెన్ను ఉన్నాయి. "సార్, ముందు టోకెన్ రాయాలండి. అది మన రాతలో ఏమేం చూస్తుందో, ఎక్కడికి పంపుతుందో చెప్పండి" అన్నారు. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. దాన్ని ఎవరో అమ్మారట, లోపల ఏముందో ఆయన ఎప్పుడూ చూడలేదట. తన కంపెనీకి తను పెట్టేదానికి కూడా కావాలా అని అడిగాడు. ఆవిడ బిళ్ళ కింద పెట్టలేదు. "మీరు మంచివారేనండి. అది మంచిదో కాదో మాకు తెలియదు. తెలుసుకొని రండి, అప్పటిదాకా ఇది ఇందులోకి రాదు."

సార్ పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బోర్డు దగ్గరికి వెళ్ళి పది బిళ్ళలూ ఒక్కొక్కటే చేత్తో తిప్పి చదివాడు. పిల్లి దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత వచ్చి యాప్ చూపించమన్నాడు. ముందే అనుకున్నట్టు రామగిరి నుంచి కొమురెల్లి తన ఫోన్లో వరికోత మిషన్ అడిగాడు. ఇక్కడ మా తెరమీద పడింది. మంథని దగ్గర మిషన్ ఉన్నతను ఒప్పుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కొమురెల్లి ఫోన్ చేసి మిషన్ దొరికింది కానీ తన వరి ఇంకా పచ్చిగానే ఉంది, ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. అందరం ఒక్కసారిగా నవ్వాం. సార్ కూడా నవ్వాడు.

నవ్వు ఆగాక మామూలు గొంతుతోనే చెప్పాడు: "హైదరాబాదుల ముప్పై మంది ఉన్నరు. ఇది గా మెషిన్లల్ల పెట్టుమంటే ఏందిదని ఒక్కరు నన్ను అడగలే. ఈ ఆఫీసు ఈడనే ఉంటది. ఆళ్ళను బ్యాచీలుగ ఈడికి తోలుత, ఈ బోర్డు ఎట్ల నడుపుతరో నేర్పుండ్రి."

రుత్విక్ కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. నేను ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు. ఇక్కడే ఉంటున్నాను సంతోషీ. నీకు ఇరవై కిలోమీటర్ల దూరంలో, దీపకు ఒక మెట్ల వరస పైన.

రాజరాజేశ్వరి గారు మాత్రం కుర్చీలో కూర్చొని కళ్ళజోడు తుడుచుకున్నారు. కాసేపయ్యాక ఫోన్ తీసుకొని మెట్ల మీదికి వెళ్ళారు. ఆవిడకు మంచినీళ్ళు ఇద్దామని వెనకే వెళ్ళాను. నన్ను చూడలేదు. గోడకు ఆనుకొని, మెల్లగా, ఇంట్లో ఆయనతో మాట్లాడుతున్నారు.

"ఏవండీ, హైదరాబాదులో చేర్పించడానికని పిల్లల టీసీలు నిన్న తీసుకొచ్చారు కదా. బడికి వెళ్ళి తిరిగి ఇచ్చేసి రండి. సెలవులయ్యాక ఇక్కడికే వస్తారని చెప్పండి."

యమున